గార్డమ్మగారి "ఆగే"

ఈవిడ గురించి ఎప్పుడో రాయాల్సింది. రాయకపోవడానికి మొదటి కారణం, నాకు అక్షరాలు రావు. మోకాళ్ళు మొరాయించి, ఇళ్ళల్లో పని మానుకున్నాక, మా పేటలో పెద్దవాళ్ళకు పెట్టిన బడికి వెళ్ళి పలక పట్టుకున్నాను. అప్పటికే తల సగం పైగా నెరిసింది. అక్షరమాలలో సగం దాటాక 'ఠ' ఎదురైంది. ఈ అక్షరం ఎందుకుందో, దీనితో ఏ మాట రాస్తారో మా బెంచీలో ఎవరికీ అంతుపట్టలేదు. పంతులమ్మ "పీఠం, కంఠం" అని చెబుతుంటే నేను వెనకనుంచి "ఉఠావ్" అన్నాను. అందరూ గొల్లుమన్నారు.

"అది తెలుగు కాదమ్మా" అంది పంతులమ్మ.

"కాకపోతే ఏమండీ, అక్షరం అదేగా."

ఆ అమ్మాయి నవ్వి, బోర్డు మీద ఉఠావ్ అని రాసి చూపించింది. గార్డమ్మగారి మాట నేను అక్షరాల్లో చూడడం అదే మొదలు.

రెండో కారణం, రాయడం వచ్చాక తెలిసింది. ఆవిడ గురించి రాయాలంటే ఒక మాట రాయాలి. రెండక్షరాల మాట. ఒక భాషలో దానికి ఒక అర్థం, ఇంకో భాషలో సరిగ్గా దానికి ఎదురు అర్థం. నోటితో అన్నప్పుడు ఏదో ఒకలా తెలుసుకుంటాం. కాగితం మీద పెడితే రెండూ ఒకేలా కూర్చున్నాయి. అలా కూర్చున్నవాటిని చూసి చాలాసార్లు కలం పక్కన పెట్టేశాను.

మొన్న బెంజ్ సర్కిల్ దగ్గర రోడ్డు దాటుతున్నాను. ఎవరిదో ఇంటి సామాను లారీ ఒకటి సందులోకి తిరుగుతోంది. బీరువా, మంచం కోళ్ళు, పైన బోర్లించిన స్టూళ్ళు. ముందు నిలబడ్డ కుర్రవాడు చెయ్యి ఊపుతూ "ఆగే, ఆగే" అని అరుస్తున్నాడు. నేను రోడ్డు మధ్యలో ఆగిపోయాను. ఆటో అతను సడన్ బ్రేకు వేసి, "ఏం మామ్మా, ఇంట్లో చెప్పొచ్చావా?" అని కేకలేశాడు.

"ఆగమన్నాడుగా నాయనా."

"నిన్ను కాదు! లారీని ముందుకి రమ్మంటున్నాడు. అది హిందీ."

హిందీ అని నాకు తెలుసు. ఆ ముక్క నాకు గార్డమ్మగారు ఎప్పుడో నేర్పింది. ఇంటికొచ్చి, మోకాళ్ళకు నూనె రాసుకుని, కాగితాలు ముందేసుకున్నాను.

ఆవిడకు పేరు ఉంది. కానీ ఆ పేరుతో ఎవరూ పిలవగా నేను వినలేదు. గూడ్సు బండి గార్డుగారి భార్య కాబట్టి గార్డమ్మగారు. నాకు అమ్మగారు. సత్యనారాయణపురంలో రైల్వే క్వార్టర్సు వాళ్ళవి. నేను కంకిపాడు నుంచి పెళ్ళయి బెజవాడ వచ్చిన కొత్తల్లో ఆ ఇంట్లో అంట్లకు కుదిరాను. వాళ్ళూ క్రైస్తవులే, మేమూ క్రైస్తవులమే. వాళ్ళ గుడిలో బెంచీలు, మా గుడిలో చాపలు. అంతే తేడా అనేది ఆవిడ. ఆ తేడా ఎంతో ఆవిడకూ తెలుసు. కానీ నాకు టీ మాత్రం తన గ్లాసులాంటి గ్లాసులోనే ఇచ్చేది.

పొట్టి మనిషి. గొంతు మాత్రం ప్లాట్‌ఫారం ఈ చివర నిలబడి పిలిస్తే ఆ చివర వినపడేది. ఆ ఇంటి గోడలకు ఒక్క మేకు ఉండేది కాదు. పెళ్ళి ఫొటో కూడా ట్రంకు పెట్టె మీద, గోడకు ఆనించి ఉండేది. "మేకు కొడితే మళ్ళీ పీకాలి, పీకితే సున్నం ఊడుద్ది" అనేది. ట్రంకు పెట్టెల మీద దుప్పటి పరిచి సోఫా అనేది. వచ్చినవాళ్ళు కూర్చుంటే లోపల గిన్నెలు గలగలమనేవి. బజారు నుంచి ఏ పొట్లం వచ్చినా పురికొస విప్పి చుట్టలు చుట్టి దాచేది. గార్డుగారికి వరసగా బదిలీలు, బల్హార్షా, డోర్నకల్, కాజీపేట, మళ్ళీ బల్హార్షా. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆవిడ కాపురం సగం మూటల్లోనే గడిచింది.

ఆ తిరుగుళ్ళలో ఆవిడకు హిందీ వచ్చింది. మొత్తం కాదు. ఇల్లు మారే రోజు కూలీలతో ఎంత అవసరమో అంత. ఉఠావ్ అంటే ఎత్తు. రఖో అంటే పెట్టు. ఊపర్ పైకి, నీచే కిందికి. ధీరే అంటే మెల్లగా. సంభాల్‌కే అంటే జాగ్రత్త. టూటేగా అంటే విరిగిపోద్ది. ఇవి తప్ప ఇంకేమీ రావు. "నీ పేరేంటి" అని హిందీలో అడగడం ఆవిడకు చేతకాదు. పెట్టెలు మోసేవాడి పేరుతో పనేంటి అనేది.

కానీ ఉన్న ఆ కాసిని మాటలతోనే ఆవిడ కాపురమంతా నడిపేది. పులుసు రుచి చూసి ఉప్పు చాలకపోతే "ఊపర్" అనేది. స్టవ్వు మంట తగ్గించమంటే "నీచే". అయ్యగారు వేడి టీ గబగబా తాగబోతే "ధీరే ధీరే, బండేం పోదు" అనేది. అయ్యగారు డ్యూటీకి బయలుదేరుతుంటే గుమ్మంలో నిలబడి, కళ్ళు మూసుకుని, "ప్రభువా, సంభాల్‌కే" అనేది. అదే ఆవిడ ప్రార్థన. ఒకసారి పాస్టరుగారు విని, "దేవుడితో హిందీ ఏంటమ్మా?" అన్నారు. "ఆయన మోసేవాడే కదండీ" అంది.

అయ్యగారు మెత్తని మనిషి. గూడ్సు బండి చివరి పెట్టెలో ఒక్కడే కూర్చుని రాత్రింబగళ్ళు తిరిగేవాడు కాబట్టి మాటలు తక్కువ. ఇంట్లో కూడా చేతులతోనే మాట్లాడేవాడు. ఆవిడ కేకలు ఎక్కువైనప్పుడు అరచెయ్యి ఎత్తేవాడు. ఆవిడ ఠక్కున నోరు మూసి నావైపు తిరిగి, "సిగ్నల్ పడిందే" అనేది.

అలాంటి మనిషికి పక్షవాతం వచ్చింది. కుడివైపు మొత్తం పడిపోయింది. మాట పోయింది. ఆసుపత్రి నుంచి వచ్చాక కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెడితే అలా కూర్చునేవాడు. ఉద్యోగం లేకపోతే క్వార్టర్సు లేదు కదా. ఖాళీ చెయ్యాల్సిన నెల దగ్గరపడింది. ఆవిడ ఊరంతా తిరిగి భవానీపురంలో ఒక మేడ మీద వాటా చూసి వచ్చింది.

"మేడ మీదెందుకమ్మగారూ, అయ్యగారు ఎక్కలేరుగా" అన్నాను.

"కింద వాటాలో గోడ తప్ప ఏం కనపడదే. పైనయితే గాలి అటు తిరిగినప్పుడు కాజీపేట లైను బండ్ల కూత వినపడుద్ది. నేను అక్కడ కూర్చుని విని వచ్చా."

కూత వినడం కోసం ఆవిడ ఆ ఇంటివాళ్ళ మేడ మీద పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా కూర్చుందట. ఇంటివాళ్ళు మజ్జిగ కూడా ఇచ్చారట.

ఇల్లు మారుతున్నామని చెప్పిన రోజు అయ్యగారి ఎడమ కంట్లోంచి నీళ్ళు కారాయి. ఎడమ చేత్తో కుర్చీ చెయ్యి మీద కొట్టాడు, తర్వాత పెట్టెల వైపు చూపించాడు, మళ్ళీ తన గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. నాకేం అర్థం కాలేదు. ఆవిడకు అర్థమైంది. పక్కన కూలబడి, ఆయన చెయ్యి పట్టుకుని, "మీరు సామాను కాదండీ. మిమ్మల్ని సామాన్లతో పాటు సామానులా మొయ్యనిస్తానా? నేనుండగా?" అంది.

మాటైతే ఇచ్చింది. ఎలా నిలబెట్టుకోవాలో ఆవిడకూ తెలియదు. ఆ వారమంతా అదే గొడవ.

అవి మామిడికాయల రోజులు. పైదేశం నుంచి, అంటే ఉత్తరాది నుంచి, లారీలు నూజివీడు కాయల కోసం బెజవాడ వచ్చి, లోడు దొరికేదాకా రోడ్ల పక్కన పడుండేవి. ఆవిడ ఒక మధ్యాహ్నం ఆ ఎండలో నన్ను వెంటేసుకుని ఒక లారీ దగ్గరకు వెళ్ళింది. తలపాగా చుట్టిన పెద్ద డ్రైవరు, లోడెత్తే మనుషులు ముగ్గురు, లారీ కింద నీడలో పడుకుని ఉన్నారు. ఒక్కళ్ళకీ తెలుగు ముక్క రాదు. "మన తోపుడు బండివాళ్ళు నాలుగు విడతలు తిప్పుతారు. వీళ్ళ లారీలో గడ్డి ఉంది చూడు. నా పింగాణీ ఒక్కటి పగలదు" అంది నాతో. తర్వాత డ్రైవరు వైపు తిరిగి "సామాన్ ఉఠావ్?" అంది.

అతను లేచి కూర్చున్నాడు. ఇంత చక్కగా హిందీ మాట్లాడే ఆవిడ ఈ ఊళ్ళో దొరికిందని సంబరపడి ఏమేమో గడగడా చెప్పుకుపోయాడు. ఆవిడ తల ఊపుతూ విని, చివర్లో "ధీరే ధీరే" అంది. అతను మెల్లగా మొదటి నుంచీ మళ్ళీ చెప్పాడు. అప్పుడూ అర్థం కాలేదు. నేను చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ఆ తర్వాత అయ్యగారి సంగతి చెప్పాలి. దానికి ఆవిడ దగ్గర మాటల్లేవు. కాసేపు వెతుక్కుంది. చేత్తో మీసం చూపించి, తన మెడలో దండ చూపించి, అంటే నా మొగుడు అని, "ఊపర్ నుంచి నీచే" అంది. చెయ్యి కిందికి వాల్చింది. "టూటా" అంది. విరిగాడు అని. మళ్ళీ కుడి చెయ్యి చచ్చుబడినట్టు వేలాడేసి, "సామాన్ నహీ" అంది. "సామాన్ నహీ. సంభాల్‌కే."

అతను ఇంక గడగడా మాట్లాడలేదు. తలపాగా సర్దుకుని, చెయ్యి గుండెకు ఆనించి, "మాజీ" అన్నాడు, అమ్మా అని. అంతే. బేరం కుదిరింది.

రేపు ఇల్లు మారతామనగా నన్ను దొడ్లో నిలబెట్టి పాఠం మొదలుపెట్టింది. ఆవిడ ఇంట్లో సామాను అందిస్తుంటే నేను లారీ దగ్గర ఉండి వాళ్ళకు చెప్పాలి.

"ఊపర్ అను."

"ఊపరా."

"రా కాదే, ర్. ఊపర్."

"ఊపర్" అంటూ నా చేతిలో ఉన్న కప్పుల బుట్ట అటూ ఇటూ ఊపాను. లోపల కప్పులు గణగణమన్నాయి.

"నీ దుంప తెగ! ఊపమని కాదు, పైకెత్తమని!"

"మరి ఊపరా అంటే ఊపడం కాదాండీ?"

"సరే, అది వదిలెయ్. నీచే అను."

"అలా అనను. ఎదటి మనిషిని పట్టుకుని నీచుడా అంటామా? కొడతారు."

"నీచే అంటే కిందికి!"

"మరి కిందికి అనొచ్చుగా."

రఖో దగ్గర ఇంకో పేచీ. పెట్టు అనడానికి రఖో అనాలంటుంది. నా నోట్లో అది "రాకో" అవుతోంది. వచ్చిన మనిషిని రాకు అంటే పని ఎలా అవుద్దని నేను. అయ్యగారు కిటికీలోంచి చూస్తూ ఎడమవైపు మూతితో నవ్వుతున్నాడు. ఆయన నవ్వుతున్నంతసేపూ ఆవిడ పాఠం ఆపలేదు. వచ్చిన మాటలే మళ్ళీ మళ్ళీ అడిగింది.

చివరికి వేలెత్తి, గొంతు తగ్గించి చెప్పింది. "అన్నీ మర్చిపోయినా పర్లేదు. ఇదొక్కటి గుర్తుపెట్టుకో. వాళ్ళకి 'ఆగే' అంటే ముందుకి పోవడం. మనకి ఆగడం. వాళ్ళని ఆపాలంటే 'రుకో' అను. పొరపాటున ఆగు, ఆగే అన్నావనుకో, ఇంకా తోసుకుంటా పోతారు. బల్హార్షాలో నా నిలువుటద్దం అట్లాగే పోయింది. మా పిన్ని నిలబడి ఆగయ్యా ఆగయ్యా అంటానే ఉంది, వాళ్ళు తోస్తానే ఉన్నారు. మా పిన్నితో ఏడాది మాట్లాడలా నేను."

"రుకో" అన్నాను.

"ఇంకోసారి."

"రుకో, రుకో, రుకో."

"అదీ! ఇప్పుడు ఇల్లు మారొచ్చు" అంది.

మర్నాడు సామానంతా గడ్డిలో పడుకుని భద్రంగా భవానీపురం చేరింది. కొత్త ఆవకాయ జాడీని మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. రిక్షాలో కాళ్ళ మధ్య పెట్టుకుంది. పక్కన అయ్యగారు. ఇస్త్రీ చేసిన తెల్లకోటు తొడిగింది ఆయనకు, డ్యూటీకి వెళ్తున్నట్టు. రిక్షా లారీ వెనకే రావాలని పట్టుబట్టింది. "గార్డు పెట్టె ఎప్పుడైనా చివర్నేగా" అంది. ఆ మాటకు అయ్యగారు నిటారుగా కూర్చున్నాడు. సామానులా కాకుండా ఎలా తీసుకెళ్ళాలన్న చిక్కు ఆవిడ అలా విప్పుకుంది.

మెట్లు మాత్రం మిగిలాయి. ఇరుకు మెట్లు, సగంలో ఒక మలుపు. పరుపు తప్ప సామానంతా పైకి చేరాక అయ్యగారిని చేతుల కుర్చీలో కూర్చోబెట్టారు. ముందు పక్క డ్రైవరు, ఇంకొకతను కుర్చీ పట్టుకుని వెనక్కి నడుస్తూ ఎక్కుతున్నారు. కాబట్టి వాళ్ళ మొహాలు అయ్యగారి వైపే ఉన్నాయి. కింద పక్క ఇద్దరు ఎత్తి తోస్తున్నారు. వాళ్ళ వెనక అమ్మగారు, "ధీరే, ధీరే, సంభాల్‌కే" అని పాటలా అంటూ. అందరికంటే ముందు నేను, నెత్తి మీద పరుపు చుట్టతో. ఆయన పైకి రాగానే పడుకోవడానికి పరుపు సిద్ధంగా ఉండాలని ఆవిడే పంపింది.

మలుపు దగ్గర నా చీర అంచు కాలి కింద పడింది. పరుపు చుట్ట ఒరిగింది. నేను వెనక్కి తూలాను. నా వెనకే కుర్చీ.

అమ్మగారు కింది నుంచి గొంతు చించుకుని అరిచింది.

"ఆగే! ఆగే!"

నన్ను అంది. మా వైపు ఆడమనిషిని చనువుగా ఆగమనాలంటే ఆగవే అంటాం, తొందరలో అది ఆగే అయిపోద్ది. ఎన్నాళ్ళ నుంచో నన్ను పిలిచిన పిలుపే. కింద పక్క ఉన్న ఇద్దరికీ అది వాళ్ళ మాటలా వినపడింది. మాజీ ముందుకు పొమ్మంటోంది. బలంగా తోశారు. పైన డ్రైవరు వీపు నా పరుపుకు కొట్టుకుంది. కుర్చీ చెయ్యి గోడకు గుద్దుకుని సున్నం పెళ్ళ రాలింది. కుర్చీ పక్కకు ఒరిగింది. ఆవిడ ఇంకా గట్టిగా "ఆగే, ఆగే" అంటూనే ఉంది. ఎంత గట్టిగా అంటే అంత తోస్తున్నారు. నేను రుకో అనాలి. నిన్నంతా వల్లించిన మాట. ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

అప్పుడు అయ్యగారి ఎడమ చెయ్యి లేచింది. అరచెయ్యి విప్పి, నిలువుగా, ఎర్రజెండా ఎత్తినట్టు.

డ్రైవరు చూశాడు. "రుకో!" అని గర్జించాడు.

అందరం ఎక్కడివాళ్ళం అక్కడ ఆగిపోయాం. కుర్చీ సర్దారు. నేను పరుపు లాక్కుని గోడకు అతుక్కుని దారిచ్చాను. అయ్యగారు అటూ ఇటూ చూసి, అంతా సరిగ్గా ఉందనుకున్నాక, ఎత్తిన చెయ్యి దించి, మణికట్టుతో ముందుకు ఊపాడు. పచ్చజెండా ఊపినట్టు. డ్రైవరు "జీ సాబ్" అన్నాడు. కుర్చీ పైకి కదిలింది.

పైన కిటికీ దగ్గర కుర్చీ దించాక చూస్తే అయ్యగారి కళ్ళు మెరుస్తున్నాయి. జబ్బు చేశాక ఆయన మొహం అంత వెలగడం నేను చూడలేదు. అమ్మగారు మాత్రం పైకి రాలేదు. మలుపు దగ్గర మెట్టు మీద, రాలిన సున్నం పెళ్ళ పక్కన కూర్చుని ఉంది.

"లేవండమ్మగారూ. అయ్యగారికి ఏం కాలేదు."

"నీకు నేర్పిన నోటితోనే అన్నానే" అంది. కొంగుతో మొహం తుడుచుకుని, "ఆయన బండి ఆయనే ఆపుకున్నారు. మళ్ళీ ఆయనే వదిలారు. చూశావా?" అంది. ఏడుస్తూ నవ్వింది.

ఆ మధ్యాహ్నం ఆ నలుగురికీ కొత్త ఆవకాయతో అన్నం పెట్టింది. వాళ్ళ ముక్కుల్లోంచి, కళ్ళల్లోంచి నీళ్ళు. "పానీ, పానీ" అని గోల. డ్రైవరు మాత్రం తలపాగా చెంగుతో కళ్ళు ఒత్తుకుంటూ విస్తరి మళ్ళీ ముందుకు జరిపాడు. "ఊపర్?" అంది ఆవిడ జాడీ ఎత్తి. "ఊపర్, మాజీ" అన్నాడు. ఆవిడ హిందీలో మాట్లాడగా నేను కచ్చితంగా విన్నది అదే చివర.

ఆ రోజు నుంచి ఆ మాటలన్నీ మానేసింది. పులుసులో ఉప్పు తక్కువైతే తెలుగులోనే తిట్టేది. ఇంకో మాట కూడా మానేసింది. అది మాకు రోజుకు నూరుసార్లు వచ్చే తెలుగు మాట. ఆగు. దాన్ని ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆవిడ నోట వినలేదు. రిక్షావాణ్ణి "నిలుపు నాయనా" అనేది. కూరల మనిషి ముందుకు వెళ్ళిపోతుంటే ఆ మెట్లన్నీ పరుగున దిగి వెళ్ళి బుట్ట పట్టుకునేది తప్ప పైనుంచి ఆగమని కేకెయ్యలేదు. నన్ను "నిలబడవే" అనేది, "ఉండవే" అనేది. మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత అలవాటైంది. మలుపు దగ్గర పెళ్ళ ఊడిన చోట సున్నం వేయిస్తామని ఇంటివాళ్ళు అంటే వద్దంది.

అయ్యగారు ఆ కిటికీ దగ్గర కొన్నేళ్ళు ఉన్నాడు. గాలి అటు తిరిగి కూత వినపడితే చెయ్యి ఎత్తేవాడు. ఆవిడ ఎక్కడున్నా వచ్చి పక్కన నిలబడేది. "మన కాజీపేట బండే" అనేది. నిజంగా ఏ బండో ఇద్దరికీ తెలియదనుకుంటాను.

ముసురు పట్టిన రోజుల్లో ఒక తెల్లవారుజామున ఆయన పోయాడు. కబురందగానే వెళ్ళాను. ఆవిడ ఏడవలేదు. తెల్లకోటు ఇస్త్రీ చేస్తోంది. గుడి నుంచి పాస్టరుగారు, పాత రైల్వే స్నేహితులు వచ్చారు. ప్రార్థన అయ్యాక పెట్టె మూసి, ఆరుగురు ఎత్తారు. అవే మెట్లు. నేను ముందుగా దిగి మలుపు దగ్గర, పెళ్ళ ఊడిన గోడకు ఆనుకుని, తడిమెట్టు చూపిస్తూ నిలబడ్డాను. పెట్టె మలుపుకు వచ్చింది. ఆవిడ పైన గుమ్మంలో ఉంది.

"ఆగే" అంది.

గట్టిగా కాదు. కానీ ఆ మెట్లలో అందరికీ వినపడింది. మోసేవాళ్ళు ఠక్కున ఆగిపోయారు. పెట్టె బరువంతా భుజాల మీద. ముందు పక్క మోస్తున్న ముసలి గార్డుగారొకాయన తల తిప్పి, "ఏమ్మా, ఆగమంటారా? కాసేపు చూసుకుంటారా?" అన్నారు.

ఆవిడ పెట్టె వైపు చూస్తోంది. అందరూ నావైపు చూశారు, ఆవిడ మనిషిని కదా. ఇన్నేళ్ళు నోటికి రానివ్వని మాట. మోసేది మగవాళ్ళు, వాళ్ళను ఆపాలంటే ఆగండి అంటుంది గాని ఆగే అనదు. నన్ను అందా? నేను కదలడం లేదుగా. ఆయన్ని అందా? ఆయన్నయితే ఏ భాషలో అంది? ఉండిపొమ్మందా, వెళ్ళమందా?

"ఏ ఆగే అమ్మగారూ?" అన్నాను.

పాస్టరుగారు నావైపు ఇదేం ప్రశ్న అన్నట్టు చూశారు. ఆవిడ చూపు పెట్టె మీంచి నా మీదికి వచ్చింది.

"నీకు నేర్పింది ఎందుకే?" అంది.

మోసేవాళ్ళు ఎక్కువసేపు నిలబడలేరు. నేను వాళ్ళ వైపు తిరిగి, "ముందుకేనయ్యా. వెళ్ళమంటున్నారు. మెల్లగా దించండి, ఈ మెట్టు తడి" అన్నాను. పెట్టె కదిలింది. మలుపు తిరిగింది. ఈసారి గోడకు ఎక్కడా తగల్లేదు. పైనుంచి ఆవిడ కాదనలేదు, ఔననలేదు.

ఆవిడ కూడా పోయి చాలా ఏళ్ళయింది. బతికుండగా నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. నేను చెప్పిన అర్థం సరైనదో కాదో ఇప్పటికీ తెలియదు. సమాధుల తోట నుంచి తిరిగొచ్చిన ఆ సాయంత్రమంతా నేను తలెత్తి ఆవిడ మొహం చూడలేకపోయాను. పొరపాటు అర్థం చెప్పి, కాసేపు ఉండాల్సిన మనిషిని పంపించేశానేమో అనిపించింది.

మర్నాడు పొద్దున్నే పాలు తీసుకుని వెళ్ళాను. మెట్లెక్కి, మలుపు దాటి, తలుపు కొట్టాను. లోపల పెట్టెలు జరిపిన చప్పుడు. తర్వాత ఆ పాత గొంతు, ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివరకు వినపడే గొంతు.

"ఆగే, వస్తున్నా!"

నేను ఆగాను.